కారు సబ్‌వూఫర్: గట్టిగానూ మోగాలి, శుభ్రంగానూ వినిపించాలి

నా మొదటి సబ్‌వూఫర్, అంటే బేస్ కోసమే పెట్టే పెద్ద స్పీకర్, 12 అంగుళాలది. అట్టపెట్టె మీద వేలల్లో వాట్లు రాసి ఉన్నాయి. డిక్కీలో బిగించిన రోజు వెనక అద్దం అదిరిపోతుంటే ఎంత సంబరపడ్డానో! వారం తిరిగేసరికి అసలు సంగతి తెలిసొచ్చింది. ఏ పాట పెట్టినా బేస్ ఒకటే స్వరంలో మోగుతోంది. పాటలో బేస్ గిటార్ మెట్లెక్కుతూ దిగుతూ నడుస్తుంటే, నా కారులో మాత్రం ఒకే చోట నిలబడి ధబ్ ధబ్‌మంటోంది. ఆర్నెల్ల తర్వాత అదే సబ్‌ను వేరే బాక్సులోకి మార్చాను. యాంప్ (స్పీకర్‌కు పవర్ ఇచ్చే యాంప్లిఫయర్) అదే, కారు అదే, పాటలూ అవే. అప్పుడు ఒక్కో స్వరం విడివిడిగా వినిపించింది.

ఆ తర్వాత నా కార్లకీ స్నేహితుల కార్లకీ చాలా సబ్‌లు ఎంచి పెట్టాను. గట్టిదనానికీ నాణ్యతకూ పడదని అందరూ అంటుంటారు గానీ నేను ఒప్పుకోను. మీకు కావలసినంత మోతను సబ్ తన సత్తాలో సగంతోనే ఇవ్వగలిగితే రెండూ కలిసే వస్తాయి. శక్తికి మించి ఊగాల్సి వస్తే రెండూ కలిసే పోతాయి. ఆ మిగులును, ఆ వెసులుబాటును ఎక్కడ సంపాదించుకోవాలో చూసుకోవడమే సబ్ ఎంపికలో అసలు పని. కింద చెప్పిన వరస కూడా ముఖ్యం. ఎక్కువమంది సబ్ కొని, తర్వాత బాక్స్ వెతికి, చివర్లో యాంప్ చూస్తారు. నేను డిక్కీ నుంచి మొదలుపెడతాను.

1. ముందు డిక్కీ కొలవండి

కేఎల్‌హెచ్ స్పీకర్ల కంపెనీ స్థాపకుల్లో ఒకరైన హాఫ్‌మన్ పేరుతో స్పీకర్ల లోకంలో ఒక సూత్రం చెప్పుకుంటారు. చిన్న బాక్స్, లోతైన బేస్, తక్కువ పవర్‌తో ఎక్కువ మోత, ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి. మూడోది వదులుకోవాల్సిందే. ఎన్ని కొత్త డిజైన్లు వచ్చినా ఇది మారలేదు. కాబట్టి డిక్కీలో ఎంత చోటు వదులుకోగలరో మొదటే తేల్చుకుంటే సగం ప్రశ్నలకు అక్కడే జవాబు దొరుకుతుంది.

కొలిచేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. బాక్స్ బయటి కొలతలు 60, 35, 35 సెంటీమీటర్లు అనుకోండి. గుణిస్తే 73.5 లీటర్లు. కానీ గోడలు 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్కవి. ప్రతి కొలతలోనూ 3.6 సెంటీమీటర్లు పోతే లోపల మిగిలేది 55.6 లీటర్లే. అందులో సబ్ అయస్కాంతం, బుట్ట ఆక్రమించే చోటు మరో 2 నుంచి 4 లీటర్లు. బాక్సుకు పోర్టు, అంటే గాలి బయటికి వచ్చే దారి, ఉంటే దాని గొట్టం చోటు కూడా తీసేయాలి. సబ్ కంపెనీ 50 లీటర్లు కావాలందంటే ఈ తీసివేతలన్నీ అయ్యాక మిగలాల్సిన లెక్క అది.

డిక్కీలో అస్సలు చోటు ఇవ్వలేనివాళ్లకు సీటు కింద పట్టే పల్చటి సబ్‌లు ఉన్నాయి. డోర్ స్పీకర్లు చేరలేని 40 నుంచి 80 హెర్ట్జ్ మధ్య భాగాన్ని అవి బాగానే నింపుతాయి. ఒళ్లు జలదరించే బేస్ మాత్రం వాటి నుంచి ఆశించకండి.

2. కారు తనంతట తాను ఇచ్చే బేస్

ఇంట్లో స్పీకర్‌కు లేని వరం ఒకటి కారులో ఉంటుంది. క్యాబిన్ అతి పొడవైన కొలత ధ్వని తరంగంలో సగానికి సమానమయ్యే చోటు నుంచి కిందికి దిగేకొద్దీ బేస్ దానంతటదే పెరుగుతుంది. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. లోపలి పొడవు 2.8 మీటర్లయితే ఆ గీత 61 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అక్కడి నుంచి కిందికి ప్రతి ఆక్టేవ్‌కు, అంటే 60 నుంచి 30కి దిగేసరికి, లెక్క ప్రకారం 12 డెసిబెల్స్ దాకా పెరగొచ్చు. తలుపుల సందులు, వణికే టాప్ రేకు కొంత తినేస్తాయి కాబట్టి నిజంగా దక్కేది అంతకంటే తక్కువ. అయినా అది ఊరికే వచ్చే బేస్, ఒక్క వాట్ ఖర్చు ఉండదు.

హ్యాచ్‌బ్యాక్‌లో, ఎస్‌యూవీలో డిక్కీ, క్యాబిన్ ఒకే గది కాబట్టి ఇది పూర్తిగా అందుతుంది. సెడాన్‌లో వెనక సీటు, దాని వెనక రేకు అడ్డుగోడలా నిలబడతాయి. సీటు మధ్యలో చేతిని ఆనించే భాగాన్ని దించి విని చూడండి. తేడా పెద్దగా ఉంటే, కొత్త సబ్‌కు ఖర్చు పెట్టేముందు సబ్ ముఖం ఎటు తిప్పాలి, గాలికి దారి ఎక్కడ ఇవ్వాలి అన్నది ఆలోచించాలి.

3. సీల్డ్ బాక్సా, పోర్టెడ్ బాక్సా

సబ్ బ్రాండ్ కంటే బాక్స్ ఎంపిక ఎక్కువ తేడా తెస్తుంది. కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

సీల్డ్ బాక్స్ అంటే గాలి చొరబడకుండా మూసేసిన పెట్టె. లోపలి గాలి స్ప్రింగులా కోన్‌ను (సబ్ ముందు ఊగే గిన్నెలాంటి పొరను) వెనక్కి లాగుతూ ఉంటుంది. దీని బేస్ కిందికి వెళ్లేకొద్దీ ఆక్టేవ్‌కు 12 డెసిబెల్స్ చొప్పున నెమ్మదిగా తగ్గుతుంది. క్యాబిన్ ఇచ్చే పెరుగుదల కూడా దాదాపు ఆ వాలుకే ఎదురు నిలబడుతుంది కదా, రెండూ కలిస్తే గీత, అంటే ఏ స్వరం ఎంత మోగుతుందో చూపే గ్రాఫు, చాలా లోతు దాకా సమంగా సాగుతుంది. సీల్డ్ బాక్సులో చిన్న సబ్ కూడా కారులో 25 హెర్ట్జ్ దాకా వినిపించడం వెనక రహస్యం ఇదే. దెబ్బ పడగానే మోగి, వెంటనే ఆగుతుంది. చెక్క కొలత కాస్త అటూ ఇటూ అయినా పెద్దగా శిక్షించదు.

బాక్స్ ఎంత ఉండాలన్నది క్యూటీసీ అనే అంకె చెబుతుంది. 0.707 దగ్గర గీత అన్నిటికంటే సమంగా ఉంటుంది. బాక్స్ చిన్నదయ్యేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది. 1 దాటితే బేస్ ఒకచోట ఉబ్బి బొంయ్‌మంటుంది. చోటు లేక చిన్న బాక్సులో ఇరికించిన సబ్‌లన్నీ ఇలాగే మోగుతాయి. కొంచెం పాలీఫిల్ దూది లోపల నింపితే బాక్స్ కాస్త పెద్దదైనట్టు సబ్ నమ్ముతుంది. అలాగని ఎంతో లోటును అది పూడ్చలేదు.

పోర్టెడ్ బాక్స్‌కు ఒక గొట్టమో, చీలికో ఉంటుంది. కోన్ వెనక వైపు పుట్టే ధ్వనిని వృథా చేయకుండా ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర బయటికి తెచ్చి ముందువైపు ధ్వనికి కలుపుతుంది. ఆ ఫ్రీక్వెన్సీనే ట్యూనింగ్ అంటారు. అక్కడ కోన్ దాదాపు కదలదు, పోర్టులోని గాలే పని చేస్తుంది. అంతే పవర్‌కు 3 డెసిబెల్స్, ఒక్కోసారి ఇంకా ఎక్కువ మోత వస్తుంది. అంటే యాంప్‌ను రెట్టింపు చేసినంత లాభం. బదులుగా బాక్స్ పెద్దదవుతుంది. 12 అంగుళాల సబ్‌కు సీల్డ్‌లో 25 నుంచి 40 లీటర్లు సరిపోతే, పోర్టెడ్‌లో సాధారణంగా 45 నుంచి 70 లీటర్లు అడుగుతుంది.

ఇక ప్రమాదం ట్యూనింగ్‌కు కింద ఉంది. అక్కడ బేస్ ఆక్టేవ్‌కు 24 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది, కోన్‌ను పట్టుకునే గాలి స్ప్రింగ్ మాయమవుతుంది. సబ్ గాలిలో నిలబెట్టినట్టు విచ్చలవిడిగా ఊగుతుంది. అందుకే పోర్టెడ్ బాక్స్ పెట్టేవాళ్లు యాంప్‌లో సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ కింది స్వరాలను ఆపేసేది) ఉందో లేదో చూసుకోవాలి. ట్యూనింగ్ 34 హెర్ట్జ్ అయితే ఫిల్టర్‌ను 28, 30 దగ్గర పెట్టాలి.

నా మొదటి బాక్స్ పోర్టెడ్‌దే. రెడీమేడ్‌గా కొన్నది. తర్వాత విప్పి పోర్టు కొలిచి లెక్క వేస్తే ట్యూనింగ్ 50 హెర్ట్జ్ పైన తేలింది. ఏ పాట వచ్చినా ఆ 50 దగ్గరి స్వరం పెద్దదై మిగతావాటిని మింగేసేది. పోర్టెడ్ అంటే నాణ్యత ఉండదని చాలామంది అనుకోవడానికి ఇలాంటి బాక్సులే కారణం. ట్యూనింగ్ 30, 35 మధ్య ఉండి, పోర్టు గాలి బుసకొట్టనంత వెడల్పుగా ఉండి, చోటు సరిపడా ఇస్తే పోర్టెడ్ బాక్స్ కూడా చాలా శుభ్రంగా మోగుతుంది.

నా సలహా అడిగితే: చోటు తక్కువైనా, అన్ని రకాల పాటలూ వింటున్నా సీల్డ్ తీసుకోండి. ఎలక్ట్రానిక్, హిప్‌హాప్ లాంటి లోతైన సాగదీత బేస్ గట్టిగా కావాలి, 60 లీటర్లు ఇవ్వగలను అంటే, ఆ సబ్‌కే లెక్కగట్టి కట్టిన పోర్టెడ్. లెక్క లేని రెడీమేడ్ పోర్టెడ్ మాత్రం ఎంత చవకైనా వద్దు.

4. స్పెక్స్ కాగితం చదవడం

పీక్, మ్యాక్స్ అని రాసిన వాట్లను పక్కన పెట్టేయండి. చూడాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే పవర్. అది కూడా సబ్ ఎంత వేడి తట్టుకుంటుందో చెప్పే అంకె, ఎంత మోగుతుందో చెప్పదు.

మోత తేల్చేవి రెండు. ఒకటి సెన్సిటివిటీ, అంటే కొద్దిపాటి పవర్‌కు సబ్ ఎన్ని డెసిబెల్స్ మోగుతుందో చెప్పే అంకె. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు గట్టిగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్, అంటే పది రెట్ల పవర్ కావాలి. కాబట్టి 84 ఉన్న సబ్‌కు బదులు 88 ఉన్నది తీసుకుంటే యాంప్‌ను రెండున్నర రెట్లు పెంచినంత ఫలితం. పోల్చేటప్పుడు ఒక్కటి గమనించండి. కొందరు 1 వాట్ దగ్గర కొలుస్తారు, కొందరు 2.83 వోల్టుల దగ్గర. 2 ఓమ్‌ల సబ్‌కు 2.83 వోల్టులంటే 4 వాట్లు. ఆ అంకెలో 6 డెసిబెల్స్ గాలికి వచ్చినవే.

రెండోది కదిపే గాలి. కోన్ వైశాల్యాన్ని ఎక్స్‌మ్యాక్స్‌తో గుణిస్తే వచ్చేది. ఎక్స్‌మ్యాక్స్ అంటే కాయిల్ (కోన్‌ను కదిపే తీగచుట్ట) అదుపు తప్పకుండా ఒకవైపుకు ఎంత దూరం కదలగలదో ఆ దూరం. 12 అంగుళాల సబ్ వైశాల్యం సుమారు 480 చదరపు సెంటీమీటర్లు, ఎక్స్‌మ్యాక్స్ 10 మిల్లీమీటర్లయితే 480 ఘన సెంటీమీటర్ల గాలి. 10 అంగుళాలది సుమారు 330, దాని ఎక్స్‌మ్యాక్స్ 16 అయితే 528. చిన్న సబ్బే ఎక్కువ గాలి కదిపింది! లోతైన బేస్‌కు ఈ అంకె ఎందుకంత ముఖ్యమంటే, సీల్డ్ బాక్సులో క్యాబిన్ సాయం లేకుండా చూస్తే, అదే మోతతో ఒక ఆక్టేవ్ కిందికి దిగడానికి కోన్ నాలుగు రెట్లు కదలాలి. 60 హెర్ట్జ్ దగ్గర 3 మిల్లీమీటర్లు ఊగే కోన్ 30 దగ్గర 12 ఊగాలి. ఎక్స్‌మ్యాక్స్ 8 ఉన్న సబ్ అక్కడ పాటను చెడగొట్టక తప్పదు. నేను మొదట్లో చెప్పిన వెసులుబాటు అంకెల్లో కనిపించేది ఇక్కడే.

పెద్ద సబ్ నెమ్మదిగా స్పందిస్తుందనే మాట చాలాసార్లు వింటాం. నేను ఒప్పుకోను. మందకొడిగా వినిపించే 12 అంగుళాల సబ్‌లో తప్పు దాదాపు ఎప్పుడూ బాక్స్‌దో, ఏ స్వరాలు సబ్‌కు, ఏవి డోర్ స్పీకర్లకు వెళ్లాలో పంచే క్రాసోవర్‌దో అయి ఉంటుంది. చోటు ఉంటే పెద్ద కోన్ తక్కువ ఊగి అదే పని చేస్తుంది, తక్కువ ఊగితే వక్రత (ధ్వని రూపు చెడటం) తగ్గుతుంది. ఒకటికి బదులు అదే సబ్ రెండు పెట్టి, ఒక్కోదానికి మునుపటి పవరే ఇస్తే 6 డెసిబెల్స్ కలుస్తాయి.

థీల్, స్మాల్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1960, 70 దశకాల్లో స్పీకర్ స్వభావాన్ని కొన్ని అంకెల్లోకి తెచ్చారు. స్పెక్స్‌లో కనిపించే ఎఫ్‌ఎస్, క్యూటీఎస్, క్యూఈఎస్, వీఏఎస్ అవే. అన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఎఫ్‌ఎస్‌ను క్యూఈఎస్‌తో భాగించండి. 50 కంటే తక్కువ వస్తే ఆ సబ్ సీల్డ్‌కు, 100 దగ్గరికి పోతే పోర్టెడ్‌కు, మధ్యలో ఉంటే దేనికైనా. ఈ అంకెలు అసలు ప్రకటించని సబ్‌ను నేను కొనను. బాక్స్ లెక్క కట్టే దారే ఉండదు.

5. యాంప్, ఓమ్‌లు, తీగలు

సబ్ ఆర్‌ఎంఎస్‌కు సమానమైన యాంప్, వీలైతే కాస్త ఎక్కువది. చిన్న యాంప్‌ను చివరి దాకా తిప్పితే తరంగం తలలు తెగుతాయి, దాన్నే క్లిప్పింగ్ అంటారు. వినడానికి గరగరలాడుతుంది, కాయిల్‌కు అనవసరపు వేడి పోతుంది. యాంప్ పవర్ నమ్మదగిందో లేదో చూడాలంటే సీటీఏ-2006 అనే గుర్తు వెతకండి. ఆ పద్ధతిలో 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌లకు, 1 శాతం మించని వక్రతతో కొలిచిన పవర్ మాత్రమే చెప్పాలి.

ఒక్కోటి 4 ఓమ్‌ల రెండు కాయిళ్లున్న సబ్‌ను పక్కపక్కన (ప్యారలల్‌గా) కలిపితే 2 ఓమ్‌లు, వరసగా (సిరీస్‌లో) కలిపితే 8. యాంప్ ఎన్ని ఓమ్‌ల దాకా తట్టుకుంటుందో చూశాకే సబ్ ఆర్డర్ ఇవ్వండి. కొన్నాక చూసుకుంటే కలిసే దారి దొరక్క టెన్షన్ పడాలి.

500 వాట్ల క్లాస్ డీ యాంప్ 80 శాతం సామర్థ్యంతో, 13.8 వోల్టుల దగ్గర సుమారు 45 ఆంపియర్లు లాగుతుంది. దానికి 4 గేజ్ రాగి తీగ వేయండి. అల్యూమినియం మీద రాగి పూత ఉన్న తీగ అయితే ఇంకా లావుది కావాలి. బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు ఉండాలి. ఇందులో రాజీ వద్దు. తీగ ఎక్కడైనా రేకుకు ఒరుసుకుని తెగితే కారు తగలబడకుండా ఆపేది ఆ ఫ్యూజే.

6. కొనేముందు విని చూడటం

గట్టిగా పెట్టి వింటే ప్రతి సబ్ బాగుంటుంది. తక్కువ వాల్యూమ్‌లో మన చెవి బేస్‌ను తక్కువగా వింటుందని, మోత పెరిగేకొద్దీ బేస్ మరింత నిండుగా అనిపిస్తుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. అందుకే రెండు సబ్‌లు పోల్చేటప్పుడు ఒకే మోతకు తెచ్చి, మీరు రోజూ వినే వాల్యూమ్‌లోనే వినండి.

మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి తీసుకెళ్లండి. బేస్ గిటార్ నాలుగైదు స్వరాలు నడిచే చోట ప్రతి స్వరం సమానమైన బరువుతో వస్తోందా, ఒకటి మాత్రం ఉబ్బుతోందా? తబలా ఎడమ భాగం మీద గుమ్మని జారే ‘ఘె’ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలుస్తోందా? తర్వాత 100 నుంచి 20 హెర్ట్జ్ దాకా దిగే టోన్ ఒకటి ఫోన్‌లోంచి వేయండి. ఎక్కడో ఒకచోట హఠాత్తుగా లేచి, దాటగానే చచ్చిపోతే ఆ బాక్స్ వద్దు.

7. బిగించాక సర్దుబాటు

సగం నాణ్యత ఇక్కడే వస్తుంది. మొదట గెయిన్, అంటే స్టీరియో నుంచి వచ్చే సంకేతాన్ని యాంప్ ఎంత పెంచాలో సర్దే మీట. సబ్ తీగలు విప్పేసి, యాంప్ బేస్ బూస్ట్ ఆపేసి, ఈక్వలైజర్ సమంగా పెట్టి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు దాకా పెంచండి. 50 హెర్ట్జ్ టోన్ వేసి మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి యాంప్ అవుట్‌పుట్ దగ్గర కొలవండి. పవర్‌ను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే రావాల్సిన వోల్టులు తెలుస్తాయి. 300 వాట్లు, 2 ఓమ్‌లు అంటే 24.5 వోల్టులు. గెయిన్ మెల్లగా పెంచుతూ అక్కడికి రాగానే ఆగండి. బేస్ బూస్ట్ ఆ తర్వాత కూడా ముట్టుకోవద్దు. 6 డెసిబెల్స్ బూస్ట్ అంటే ఆ స్వరం దగ్గర నాలుగు రెట్ల పవర్ అడిగినట్టు, ఉన్న వెసులుబాటంతా ఒక్క మీటతో పోతుంది.

క్రాసోవర్ 80 హెర్ట్జ్, 24 డెసిబెల్స్ వాలు దగ్గర మొదలుపెట్టండి. డోర్ స్పీకర్లకు కూడా 80 దగ్గర హై పాస్ (కింది స్వరాలను ఆపి పైవాటినే పోనిచ్చే ఫిల్టర్) పెట్టండి. వాటి మీద బరువు తగ్గి గొంతులు కూడా తేటపడతాయి. సబ్‌ను 100 పైకి పోనిస్తే బేస్ వెనక నుంచి వస్తోందని చెవి పసిగడుతుంది.

తర్వాత ఫేజ్, అంటే సబ్, డోర్ స్పీకర్లు ఒకే అడుగులో కదిలేలా చూడటం. డ్రైవర్ సీట్లో కూర్చుని, ఫేజ్ మీటను 0కీ 180కీ ఎవరితోనైనా మార్పించండి. 80 దగ్గర బేస్ ఎప్పుడు నిండుగా వినిపిస్తే అదే సరైనది. స్టీరియోలో టైమ్ అలైన్‌మెంట్ (ఒక్కో స్పీకర్‌ను కాస్త ఆలస్యం చేసి అన్నిటి ధ్వనీ ఒకేసారి చెవికి చేర్చేది) ఉంటే ఇంకా మంచిది. సబ్ తలకు 2 మీటర్ల దూరంలో, దగ్గరి డోర్ స్పీకర్ 90 సెంటీమీటర్ల దూరంలో ఉంటే తేడా 110 సెంటీమీటర్లు. ఆ డోర్ స్పీకర్‌ను 3.2 మిల్లీసెకన్లు ఆగమనాలి. సరిగ్గా కుదిరిన క్షణంలో బేస్ డిక్కీలోంచి లేచి డ్యాష్‌బోర్డ్ మీదికి వచ్చి కూర్చుంటుంది. మొదటిసారి అది విన్నప్పుడు దిగి వెళ్లి డిక్కీ తెరిచి చూశాను, సబ్ మోగుతోందా లేదా అని.

ఆఖరుగా, బేస్‌కు అదిరే రేకుల, ప్లాస్టిక్ ముక్కల గలగలలు. 30 నుంచి 60 హెర్ట్జ్ దాకా టోన్ నెమ్మదిగా కదుపుతూ కారు చుట్టూ తిరగండి. మోగిన చోట చెయ్యి ఆనించండి, ఆగితే దొరికినట్టే. నంబర్ ప్లేటు, వెనక షెల్ఫ్, డిక్కీ మూత లోపలి ప్లాస్టిక్, జాకీ పెట్టె, ఈ నాలుగింట్లోనే ఎక్కువ దొరుకుతాయి. నంబర్ ప్లేటు వెనక రెండు ఫోమ్ ముక్కలు, డిక్కీ మూత రేకు లోపల బ్యూటైల్ షీట్ అతికిస్తే చాలావరకు సద్దుమణుగుతుంది. వీటన్నిటి తర్వాత వారం రోజులు విని, సబ్ లెవల్‌ను 2 డెసిబెల్స్ తగ్గించి ఒక్కరోజు నడపండి. మర్నాడు తిరిగి పెంచాలనిపించకపోతే అక్కడే ఉంచేయండి.